మొదటి జీతంలో మొదటి వాటా



నేను వకీలుని. ఇరవై ఏళ్ళకు పైగా మనోవర్తి కేసులు చూస్తున్నాను. కొన్నిసార్లు భార్య తరఫున, కొన్నిసార్లు భర్త తరఫున. ఈరోజు మాట్లాడబోయేది పిల్లల మనోవర్తి గురించి, అందులోనూ బాకీ పడిపోయిన మనోవర్తి గురించి. కొన్నాళ్ళు డబ్బు కట్టని తండ్రి కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు ఏం చేయాలి? ఆ బిడ్డను పెంచుతున్న తల్లి ఏం చేయాలి? ఈ రెండు ప్రశ్నలూ నా దగ్గరకు తరచుగా వస్తాయి. వచ్చిన ప్రతిసారీ నాకు ఒక నోటుబుక్కు గుర్తుకొస్తుంది.

అది పిల్లలు బడికి పట్టుకెళ్ళే రూళ్ళ నోటుబుక్కు. ఒక తల్లి దాన్ని చేతిసంచిలో పెట్టుకుని తెచ్చింది. కోర్టు ఆమె కూతురికి నెలకు 8,000 రూపాయలు మంజూరు చేసింది. తండ్రి కొన్నాళ్ళు సక్రమంగానే కట్టాడు, తర్వాత ఆపేశాడు. "ఎన్ని నెలలు బాకీ ఉందమ్మా?" అని అడిగాను. ఆమె నోరు విప్పకుండా పుస్తకం తెరిచి నా బల్ల మీద పెట్టింది. నెలకొక వరుస. జూన్, స్కూలు ఫీజు, తమ్ముడి దగ్గర తీసుకున్నాను. జూలై, డ్వాక్రా అప్పు. ఆగస్టు, అమ్మ పింఛను. సెప్టెంబరు, పాపకు డెంగీ, గాజులు బ్యాంకులో పెట్టాను. అలా పద్నాలుగు వరుసలు. కింద కూడిక వేసి ఉంది. 1,12,000 రూపాయలు.

అన్నేళ్ళు ఆ కేసులు నడిపినా, ఒక సంగతి నాకు ఆ పుస్తకం చూశాకే తట్టింది. బాకీ అనగానే ఇంకా ఎవరూ ఇవ్వని డబ్బు అనుకుంటాం. కానీ పాప ఆ పద్నాలుగు నెలలూ అన్నం తింది, బడికి వెళ్ళింది, జ్వరమొస్తే సెలైన్ పెట్టించుకుంది. అంటే ఆ డబ్బు ఎవరో ఒకరు ఇచ్చేశారు. నాన్న వాటాను మేనమామ మోశాడు, అమ్మమ్మ పింఛను మోసింది, అమ్మ చేతి గాజులు మోశాయి. "పిల్ల పెరిగిపోయింది కదా, ఇప్పుడు పాత డబ్బు ఎందుకు?" అని అడిగే తండ్రులను నేను చూశాను. పిల్ల పెరిగింది నిజమే. ఎవరి డబ్బుతో పెరిగిందో ఆ పుస్తకంలో రాసి ఉంది.

ఇప్పుడు రెండో మనిషి గురించి చెబుతాను. ఇది వేరే కుటుంబం, వేరే కేసు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ కుర్రాడు. చేతిలో ఆఫర్ లెటరు. పాత ఉద్యోగం పోయి ఏడాది దాటింది, ఇప్పుడు మంచి కంపెనీలో వచ్చింది. మొహంలో మాత్రం సంతోషం లేదు. "మేడమ్, ఈ ఉద్యోగం సంగతి కోర్టుకి తెలియకుండా ఉండే దారేమైనా ఉందా? బాకీ చాలా పెరిగిపోయింది. మొదటి నెల జీతమంతా లాగేసుకుంటారేమోనని భయంగా ఉంది" అన్నాడు.

కావాలని ఎగ్గొట్టేవాళ్ళు లోకంలో లేరని నేను అనను. ఉన్నారు. కానీ నా దగ్గరకు వచ్చినవాళ్ళలో చాలామంది మొదటి నెల ఇవ్వలేక, రెండో నెల మొహం చెల్లక, మూడో నెల నుంచి ఫోను ఎత్తడం మానేసినవాళ్ళే. ఫోను ఎత్తకపోతే వాయిదాకి వెళ్ళడం మానేస్తారు. వాయిదాకి వెళ్ళకపోతే వారంటు వస్తుంది. వారంటు వచ్చిందని తెలిశాక ఊరు మారతారు. 8,000 రూపాయల దగ్గర మొదలైన భయం మనిషిని తన బిడ్డ ఉన్న ఊరికే రాకుండా చేస్తుంది. ఆ కుర్రాడికి నేనిచ్చిన జవాబు ఒక్కటే. "దాచే దారి అడగకు బాబూ, చెప్పే దారి అడుగు. అది నీకే తేలిక." ఎందుకు తేలికో వివరిస్తాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మొన్నమొన్నటిదాకా దీన్ని 125 సెక్షన్ కేసు అనేవాళ్ళం. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో ఇది 144వ సెక్షన్. నంబరు మారినా సారం మారలేదు. స్తోమత ఉండి కూడా మైనరు బిడ్డను పోషించని తండ్రి నెలనెలా ఇంత ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఒకప్పుడు ఈ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వడానికి వీలుండేది కాదు. 2001లో చట్టం సవరించి ఆ హద్దు తీసేశారు. ఇప్పుడు తండ్రి ఆదాయాన్ని బట్టి, బిడ్డ అవసరాలను బట్టి కోర్టు నిర్ణయిస్తుంది.

ఆదేశం ఉండీ కట్టకపోతే, సరైన కారణం చూపకపోతే, మేజిస్ట్రేటు వసూలు వారంటు ఇవ్వవచ్చు. జరిమానా ఎలా వసూలు చేస్తారో అలాగే వసూలు చేస్తారు. వస్తువులు జప్తు చేసి అమ్మించవచ్చు, లేదా భూమి శిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా రాబట్టవచ్చు. అప్పటికీ తీరకపోతే నెల వరకూ జైలు వేయవచ్చు. ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంటుంది. నాలుగు రోజులు జైల్లో కూర్చుని వస్తే బాకీ రద్దయిపోతుందని. అవ్వదు. జైలు డబ్బు కట్టించడానికి వాడే మార్గమే తప్ప, డబ్బుకు బదులు కాదని సుప్రీంకోర్టు 1989లో కుల్దీప్ కౌర్ కేసులోనే తేల్చింది. 2013లో పూంగోడి కేసులో మళ్ళీ అదే మాట చెప్పింది. జైలు నుంచి బయటికొచ్చిన రోజున కూడా ఆ నోటుబుక్కులో కూడిక అలాగే ఉంటుంది.

"నాకు ఉద్యోగం లేదు కదా, ఎలా కడతాను?" అన్న వాదన కూడా ఎక్కువ దూరం పోదు. ఒళ్ళు సక్రమంగా ఉన్న మనిషి కూలిపని చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని 2022లో అంజూ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఉద్యోగం లేనినాడే మాట ఇలా ఉంటే, ఉద్యోగం వచ్చిన మర్నాడు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మరి ఉద్యోగం దాచగలమా? మనోవర్తి కేసుల్లో అందరూ గుర్తుపెట్టుకోవలసిన తీర్పు ఒకటుంది. రజనీష్ వర్సెస్ నేహా. 2020 నవంబరు 4న జస్టిస్ ఇందు మల్హోత్రా, తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్ళిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి కలిసి ఇచ్చారు. మనోవర్తి కేసుల్లో భార్యా భర్తా ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ ప్రమాణపత్రం మీద చెప్పాలని ఆ తీర్పు నిర్దేశించింది. అబద్ధం చెబితే దానికి వేరే చర్యలు ఉంటాయి. ఈ రోజుల్లో జీతం బ్యాంకులో పడుతుంది, పన్ను పాన్ కార్డు మీద కడతాం, ఉద్యోగం వచ్చిందని స్నేహితులే ఫోనుల్లో అభినందనలు పెడతారు. ఆరు నెలలు దాచవచ్చేమో. దాచిన ఆరు నెలల బాకీ పాతదాని మీదకు చేరుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఒకసారి అబద్ధం బయటపడ్డాక, తర్వాత నిజంగానే కష్టం వచ్చినప్పుడు మీరు ఎంత మొత్తుకున్నా న్యాయమూర్తికి నమ్మకం కలగదు.

"జీతమంతా లాగేసుకుంటారు" అన్న భయం గురించి కూడా చెప్పాలి. అంతా తీసుకోరు. కానీ తీసుకోగలిగింది తక్కువేమీ కాదు. మనోవర్తి ఆదేశాన్ని సివిల్ కోర్టు డిక్రీలా కూడా అమలు చేయించుకోవచ్చని రజనీష్ తీర్పే చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో జీతం జప్తుకు ఒక లెక్క ఉంది. మీ జీతం 40,000 అనుకోండి. మామూలు అప్పు ఇచ్చినవాడు డిక్రీ తెచ్చుకుంటే, మొదటి వెయ్యీ, మిగిలిన 39,000లో మూడింట రెండు వంతులూ ముట్టుకోవడానికి వీల్లేదు. అతనికి దక్కేది 13,000. అదే మనోవర్తి డిక్రీ అయితే లెక్క తిరగబడుతుంది. మీకు మూడో వంతు మాత్రమే రక్షణ. 26,600 పైచిలుకు జప్తు చేయవచ్చు. బయటి అప్పుకీ బిడ్డ అన్నానికీ మధ్య చట్టం ఎంత తేడా పెట్టిందో చూడండి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భర్త వ్యాపారానికి అప్పులిచ్చిన సంస్థల కంటే భార్యాపిల్లల మనోవర్తి బకాయే ముందు అని కూడా చెప్పింది.

ఇలా జప్తు ఉత్తర్వు వస్తే ఎక్కడికి వస్తుంది? మీ కంపెనీకి వస్తుంది. చేరిన రెండో నెలలో హెచ్ఆర్ వాళ్ళు పిలిచి, "ఇదేమిటండీ?" అని కాగితం చూపిస్తే మీకు ఎలా ఉంటుంది? అదే మీరు ముందే కోర్టుకు వెళ్ళి, "నాకు ఉద్యోగం వచ్చింది, ఇంత జీతం, ఈ నెల మనోవర్తి పూర్తిగా కడతాను, పాత బాకీ కంతుల మీద తీర్చడానికి అనుమతి ఇవ్వండి" అని అర్జీ పెట్టుకుంటే? ఇస్తారా లేదా, ఎన్ని కంతులు అన్నది న్యాయమూర్తి విచక్షణ. కానీ తనంతట తాను వచ్చి, చేతిలో మొదటి కంతు పెట్టుకుని నిలబడ్డ తండ్రికీ, వారంటు మీద పోలీసులు పట్టి తెచ్చిన తండ్రికీ కోర్టు హాల్లో ఒకే మర్యాద దొరకదు. ఇది నేను కళ్ళారా చూస్తున్న విషయం.

సరే, ఇప్పుడు ఆఫర్ లెటరు చేతిలో ఉన్న తండ్రులకు వరుసగా చెబుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి.

మొదటిది, లెక్క. కోర్టు ఉత్తర్వు కాపీ, బ్యాంకు పాసుబుక్కు పక్కపక్కన పెట్టుకుని ఏ నెల కట్టారు, ఏ నెల కట్టలేదు అని రాయండి. చాలామందికి తమ బాకీ ఎంతో సరిగ్గా తెలియదు. తెలియని బాకీ చీకట్లో తాడులాంటిది, పాములాగే కనబడుతుంది. దీపం పెడితే అది ఒక అంకె అవుతుంది. అంకె అయితే భాగించవచ్చు.

రెండోది, భాగహారం. మళ్ళీ మన ఉదాహరణే తీసుకుందాం. నెలకు 8,000 మనోవర్తి, 1,12,000 బాకీ, 40,000 జీతం. ఈ నెల 8,000 పూర్తిగా కట్టాలి. దాన్ని ముట్టుకోకూడదు. పాతది తీరుస్తున్నామని కొత్తది ఆపితే కుండకు కన్నం పెట్టి నీళ్ళు పోసినట్టే. దాని పైన నెలకు 7,000 చొప్పున పాత బాకీకి కడితే పదహారు నెలల్లో మొత్తం తీరిపోతుంది. నెలకు 15,000 పోగా 25,000 చేతిలో ఉంటుంది. ఇరుకే. కానీ ఏడాదిన్నర లోపు ఒడ్డున పడతారు.

మూడోది, పాత కంపెనీ నుంచి రావలసిన డబ్బు. ఉద్యోగం మారేటప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అని కొంత మొత్తం వస్తుంది. మిగిలిన సెలవుల డబ్బు, ఆగిన బోనసు లాంటివి. ఆ సొమ్ము చేతికి రాగానే కొత్త ఫోను వైపు, కొత్త బండి వైపు చూపు పోతుంది. అది ఒక్కసారిగా బాకీ తగ్గించుకోవడానికి దొరికిన అవకాశం. వదులుకోకండి.

నాలుగోది, కొత్త అప్పులు. ఉద్యోగం రాగానే బ్యాంకుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. పర్సనల్ లోను, కారు లోను, ఫ్లాటు లోను. రేపు కోర్టులో "ఈఎంఐలు కట్టాక నా దగ్గర ఏమీ మిగలదండీ" అంటే ఆ మాట నిలవదు. మీరు మీ ఇష్టంతో తెచ్చుకున్న అప్పు బిడ్డ వాటాకు అడ్డం రాదని కోర్టులు పదేపదే చెబుతూనే ఉన్నాయి. బాకీ తీరేదాకా కొత్త ఈఎంఐ పెట్టుకోకండి.

ఐదోది, రుజువు. ఇది చాలా ముఖ్యం. డబ్బు చేతికి ఇవ్వకండి. "మా బావమరిది చేతికిచ్చానండీ", "పండక్కి పాపకు బట్టలు కొన్నానండీ" అంటూ వచ్చే తండ్రులు నాకు ఏటా ఎదురవుతారు. ఇచ్చే ఉంటారు. రుజువేదీ? పైగా బట్టలు, బొమ్మలు మీ ప్రేమ లెక్కలోకి వస్తాయి గానీ మనోవర్తి లెక్కలోకి రావు. తల్లి బ్యాంకు ఖాతాకే పంపండి. ఏ నెలదో అక్కడే రాయండి. "మార్చి మనోవర్తి" అని ఒకటి, "పాత బాకీ, మూడో కంతు" అని ఇంకొకటి. ఖాతా నంబరు తెలియకపోతే కోర్టులో జమ చేయడానికి అనుమతి అడగండి. జీతం పడిన రోజే దానంతట అది వెళ్ళిపోయేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వవచ్చు. అలా చేస్తే ప్రతి నెలా మీ మనసుతో మీరు పోట్లాడుకునే పని తప్పుతుంది.

ఆరోది, కొత్త జీతం పాతదానికంటే తక్కువైతే. అప్పుడు మీ అంతట మీరు 8,000ని 5,000 చేసి పంపడం మొదలుపెట్టకండి. పరిస్థితులు మారినప్పుడు మనోవర్తిని తగ్గించమనో పెంచమనో అడగడానికి 146వ సెక్షన్ ఉంది. అర్జీ పెట్టి, పే స్లిప్ చూపించి అడగండి. కోర్టు మార్చేదాకా పాత అంకే నడుస్తుంది. మీరు తగ్గించి పంపిన ప్రతి నెలా 3,000 బాకీ పెరుగుతూనే ఉంటుంది.

ఏడోది, కంపెనీ ఫారాలు. ఉద్యోగంలో చేర్చుకునే ముందు మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. మనోవర్తి కేసు మేజిస్ట్రేటు కోర్టులో నడిచినా అది నేరారోపణ కాదు. అందులో మీరు ముద్దాయి కారు, ప్రతివాది మాత్రమే. అయినా ప్రశ్న ఎలా రాశారో జాగ్రత్తగా చదవండి. అన్ని రకాల కేసులూ చెప్పమంటే చెప్పండి. అనుమానం ఉంటే సంతకం పెట్టేముందు మీ ప్లీడరు గారిని అడగండి. అడిగినదానికి అబద్ధం రాస్తే, కేసు వల్ల పోని ఉద్యోగం అబద్ధం వల్ల పోతుంది.

ఇప్పుడు తల్లులతో రెండు మాటలు.

అమ్మా, మొదట మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్క గడువు. ఏ నెల మనోవర్తి రాలేదో, ఆ నెల డబ్బు రావలసిన తేదీ నుంచి ఏడాది లోపల వసూలుకు అర్జీ పెట్టాలి. ఏడాది దాటితే ఆ నెలకు వారంటు అడిగే వీలు ఈ సెక్షన్ కింద పోతుంది. "ఇస్తాడులే, ఉద్యోగం రానీ" అని ఓపిక పట్టి పట్టి, చివరికి మూడేళ్ళ బాకీతో వచ్చే తల్లులను చూస్తే నా మనసు ఉసూరుమంటుంది. అర్జీ పెట్టడం గొడవ పెట్టుకోవడం కాదు. అది బిడ్డ హక్కును బతికించి ఉంచడం.

అతనికి ఉద్యోగం వచ్చిందని తెలిస్తే, కంపెనీ పేరు, ఊరు వివరాలతో కోర్టులో మెమో వేయించండి. పాత కంపెనీకి వెళ్ళిన జీతం జప్తు కాగితం అతనితో పాటు కొత్త కంపెనీకి నడిచి వెళ్ళదు. మళ్ళీ ఉత్తర్వు తెచ్చుకోవాలి. అతను హైదరాబాద్ వెళ్ళినా, బెంగళూరు వెళ్ళినా, ఉన్నచోటి మేజిస్ట్రేటు ద్వారా మీ ఉత్తర్వును అమలు చేయించుకోవచ్చు. గృహహింస చట్టం కింద ఉత్తర్వు ఉంటే ఇంకో సదుపాయం కూడా ఉంది. 2005 నాటి ఆ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, అతని జీతంలో కొంత భాగం నేరుగా మీకే ఇమ్మని గానీ, కోర్టులో జమ చేయమని గానీ మేజిస్ట్రేటు యజమానిని ఆదేశించవచ్చు.

వకీలు ఫీజు గురించి దిగులు పడకండి. న్యాయసేవాధికార చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపిస్తారు.

ఇంకొక్క మాట, కోపగించుకోకుండా వినండి. అతని ఆఫీసు గేటు దగ్గరకు వెళ్ళి నలుగురిలో కేకలు వేయాలనిపిస్తుంది. ఆ మంట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు, ఆ నోటుబుక్కు నేను చూశాను. కానీ ఆ గొడవలో ఉద్యోగం పోతే పోయేది మీ బిడ్డకు నెలనెలా రావలసిన డబ్బే. కోర్టు కాగితాన్ని గేటు దాటి వెళ్ళనివ్వండి, మీరు వెళ్ళకండి. అతను నిజాయితీగా కంతులతో ముందుకు వస్తే, లెక్క రాతపూర్వకంగా కోర్టులో నమోదు చేయించి ఒప్పుకోండి. ఒక్కసారిగా రాని లక్ష కంటే నెలనెలా తప్పకుండా వచ్చే ఏడు వేలు మేలు.

ఇద్దరికీ కలిపి చెప్పవలసింది ఒకటుంది. "పాపను చూపించదు, డబ్బెందుకివ్వాలి?" అని తండ్రి అంటాడు. "డబ్బివ్వడు, పాపనెందుకు చూపించాలి?" అని తల్లి అంటుంది. ఈ రెండూ వేర్వేరు హక్కులు. పాపను చూడనివ్వకపోతే దానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది, కోర్టుకు వెళ్ళి అడగవచ్చు. అన్నం ఆపి ప్రేమను రాబట్టలేం, ప్రేమ ఆపి అన్నాన్ని రాబట్టలేం. రెండింటికీ నడుమ నలిగేది ఒక్కరే.

కంపెనీల్లో జీతాలు చూసేవాళ్ళు కూడా ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. కోర్టు నుంచి జీతం జప్తు ఉత్తర్వు వస్తే దాన్ని పాటించడం మీ బాధ్యత. పాటించకుండా జీతం మొత్తం ఉద్యోగికి ఇచ్చేస్తే, ఆ మేరకు కంపెనీయే కట్టవలసి వస్తుంది. అలాగే ఆ కాగితం పక్క సీటువాళ్ళకు కబురు కాకుండా చూడండి. తలెత్తుకుని పని చేసుకునే మనిషే బాకీ తీర్చగలడు.

మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్న అమెరికాలో ఈ పని ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. 1996లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఏ కంపెనీ అయినా కొత్త ఉద్యోగిని చేర్చుకుంటే, మామూలుగా 20 రోజుల లోపల రాష్ట్ర ప్రభుత్వానికి ఆ పేరు పంపాలి. ఆ పేర్లను పిల్లల మనోవర్తి బాకీల జాబితాతో పోల్చి చూస్తారు. సరిపోలితే జీతంలో కోత పెట్టమని కొత్త కంపెనీకి ఉత్తర్వు వెళ్ళిపోతుంది. బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పౌరుడికి పాస్‌పోర్టు కూడా ఇవ్వరు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళకూ ఇదే చట్టం వర్తిస్తుంది.

మన దగ్గర అలాంటి జాబితా లేదు. కొత్త ఉద్యోగం సంగతి కోర్టుకు చేరాలంటే రెండే దారులు. తల్లి వాకబు చేసి, బతిమాలి, తిరిగి తిరిగి తెలుసుకోవాలి. లేదా తండ్రి తానే వచ్చి చెప్పాలి. మొదటి దారిలో నెలలు గడుస్తాయి, ఆ నెలలన్నీ మళ్ళీ అమ్మమ్మ పింఛను మీద, డ్వాక్రా అప్పు మీద పడతాయి. రెండో దారికి ఒక్క పూట చాలు. అందుకే ఆ కుర్రాడితో చెప్పే దారి అడగమన్నాను. యంత్రం లేనిచోట తండ్రి నోటి మాటే బిడ్డకు దిక్కు.

ఆ కుర్రాడు వారం రోజులు ఆలోచించుకుని మళ్ళీ వచ్చాడు. ఉద్యోగంలో చేరిన నెలలోనే మెమో వేశాం. ఆఫర్ లెటరు కాపీ జతచేశాం. కంతుల కోసం అర్జీ పెట్టాం. మొదటి జీతం పడిన రోజే రెండు మొత్తాలు పంపాడు. న్యాయమూర్తి కంతులకు ఒప్పుకున్నారు. ఆ రోజు కోర్టు వరండాలో అతని భార్య అతనితో మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ కలిసిపోయారని నేను చెప్పబోవడం లేదు, కలవలేదు. కానీ ఆమె ఫోనులో బ్యాంకు మెసేజి చూసుకుని, పక్కనే ఉన్న తన తమ్ముడితో మెల్లగా అన్న మాట నాకు వినబడింది. "బాబు ట్యూషను ఫీజుకి ఈ నెల నువ్వు ఇవ్వక్కర్లేదురా."

శ్రోతలారా, మీలో ఎవరైనా కొత్త ఉద్యోగంలో చేరబోతూ, పాత బాకీ తలుచుకుని నిద్రపట్టక ఉన్నట్టయితే, ఈ రాత్రికి ఒక పని చేయండి. ఒక కాగితం మీద కట్టని నెలల పేర్లు వరుసగా రాయండి. ఒక్కో నెలకు ఎదురుగా, ఆ నెల మీ బిడ్డ ఖర్చు ఎవరు భరించి ఉంటారో మీకు తోచినంతవరకు రాయండి. కింద కూడిక వేయండి. రేపు పొద్దున ఆ కాగితం పట్టుకుని మీ ప్లీడరు గారి దగ్గరకో, న్యాయసేవాధికార సంస్థకో వెళ్ళండి. జీతం పడేరోజు వచ్చేసరికి ఎవరికి ఎంత పంపాలో మీ దగ్గర రాసి ఉంటుంది.